ధైవతం దగ్గర టిక్కు

"మామా, నీ ధైవతంలో ఏమో తప్పుండాది," అంటూ మా మేనల్లుడు హెడ్‌ఫోన్ తెచ్చి నా చెవులకు తగిలించాడు.

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో, డి.బి. రోడ్డు సందడి వినీ వినపడనంత దూరంలో మా ఇల్లు. వాడు ఇంజినీరింగ్ మూడో ఏడు. ముగ్గురు స్నేహితులతో కలిసి మా మేడమీది గదిలో వీడియో గేమ్ ఒకటి చేస్తున్నాడు. 1990 నాటి కోయంబత్తూరులో మిల్లు కార్మికుడి కొడుకు సైకిలెక్కి వీధులన్నీ తిరుగుతాడు. కథ అంతే. బొమ్మలన్నీ ఆ కాలపు గేముల్లోలాగ గళ్ళు గళ్ళుగా ఉంటాయి. సంగీతం కూడా పాత నింటెండో పెట్టెలోంచి వచ్చినట్టే ఉండాలని వాళ్ళ పట్టు. చిన్నప్పుడు నాలుగేళ్ళు వయొలిన్ నేర్చిన పాపానికి స్వరాలు కట్టే పని నా నెత్తిన పడింది. మోహనంలో చిన్న వరుస ఒకటి కట్టిచ్చాను. అంతా బాగానే ఉంది గాని, ధైవతాన్ని ఊపినప్పుడల్లా 'టిక్' మంటోంది.

తంతి మీద ఊగే స్వరానికి టిక్కు ఎక్కణ్ణించి వస్తుంది? మూడు సాయంత్రాలు వెతికాం. కారణం వాళ్ళ కంప్యూటర్లో లేదు, నా రాగంలోనూ లేదు. 1983లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఫామికామ్ అనే ఆటపెట్టెలో ఉంది. తర్వాత అమెరికాకు నింటెండో ఎన్ఈఎస్ అనే పేరుతో వెళ్ళింది అదే.

ఈనాటి ఫోను పాట పాడటమంటే ఎవరో ముందే పాడి దాచినదాన్ని తిరిగి వినిపించడం. ఆ పెట్టెకు అంత చోటు లేదు. 'సూపర్ మారియో బ్రదర్స్' (1985) ఆట మొత్తం, బొమ్మలూ నియమాలూ పాటలూ కలిపి, 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చి పడే పువ్వుల బొమ్మ అంతకన్నా బరువు. అందుకని అందులో పాట ఉండదు, పాటకు ఆజ్ఞలుంటాయి. ఫలానా క్షణాన ఫలానా గొంతు ఫలానా స్వరం ఎత్తుకోవాలని అవి చెబుతాయి. పాడేది రికో కంపెనీ చేసిన 2ఏ03 అనే చిప్. దానికి ఐదు గొంతులు. రెండు పల్స్ తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక రొద, చిన్న చిన్న శబ్దపు తునకలను గరగరగా పలికే ఐదోది.

పల్స్ తరంగం లైటు స్విచ్చి లాంటిది. వేస్తుంది, ఆర్పేస్తుంది, మధ్యలో మెట్లేమీ లేవు. ఒక్కో చుట్టులో ఎంతసేపు వేసి ఉంచాలన్నదే మనం ఎంచుకోగలిగింది. ఎనిమిదో వంతు, పావు, సగం, ముప్పావు అని నాలుగు రకాలు. సగం సగం పెడితే మూలస్వరానికి ఒకటి, మూడు, ఐదు రెట్ల బేసి అంతస్తులు మాత్రమే పలుకుతాయి. క్లారినెట్ కింది స్థాయిలో పలికే తీరూ దాదాపు ఇదే, అందుకే ఆ బోలు గొంతు మనకు తెలిసినదిగా అనిపిస్తుంది. ఎనిమిదో వంతుకు కుదిస్తే పై అంతస్తులన్నీ గుంపుగా వచ్చి, గొంతు సన్నబడి ముక్కుతో పాడినట్టవుతుంది. నాదస్వరానికి ఇది దగ్గర. అది కింద వెడల్పయ్యే శంకువు గొట్టం గనక దాంట్లో బేసీ సరీ అన్ని అంతస్తులూ పలుకుతాయి. మా ఆటలో పెళ్ళి ఊరేగింపు ఘట్టానికి ఈ సన్నగొంతే పెట్టాం. పరమ నాటుగా ఉంది, కాని విన్నవాళ్ళెవరూ 'ఇదేం వాద్యం' అని అడగలేదు.

త్రిభుజ తరంగం మెత్తనిది, పిల్లనగ్రోవికి దగ్గర. దానికి చిత్రమైన లోపం ఒకటుంది. హెచ్చుతగ్గులు లేవు, పలికితే పూర్తిగా పలుకుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. ఆ కాలపు స్వరకర్తలు దాన్ని కిందిస్థాయి ఆధారానికి వాడారు. ఇంకో ఉపాయమూ పట్టారు. ఆ గొంతును ఎత్తైన స్వరం నుంచి రెప్పపాటులో కిందికి జార్చితే మద్దెల దెబ్బలాగ 'తోం' మంటుంది. మా మృదంగం అదే. రొద గొంతుకు రెండు పద్ధతులు. మామూలు పద్ధతిలో వానజల్లులా పడుతుంది. రెండోదాంట్లో రొద పొట్టి వరుసగా మారి, మళ్ళీ మళ్ళీ తిరిగి లోహంలా ఖంగుమంటుంది. తాళాలకు అది చాలు.

ఇక టిక్కు. ఆ చిప్ గడియారం సెకనుకు 17,89,773 సార్లు కొట్టుకుంటుంది. స్వరం కావాలంటే మనం ఒక సంఖ్య ఇవ్వాలి. గడియారపు వేగాన్ని 16తో భాగించి, మనమిచ్చిన సంఖ్యకు ఒకటి కలిపి దానితో మళ్ళీ భాగిస్తే పల్స్ గొంతు పలికే కంపనాలు వస్తాయి. 253 ఇస్తే సెకనుకు 440.4, 252 ఇస్తే 442.1. మధ్యలో ఏదీ లేదు. వయొలిన్ తంతి మీద వేలు ఎక్కడైనా ఆగుతుంది, ఇక్కడ మెట్ల మీదే ఆగాలి. కింది స్వరాల్లో మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి గనక చెవికి తెలియదు. పైకి పోయేకొద్దీ ఎడం పెరుగుతుంది. 3520 కంపనాల స్వరం అడిగితే 3496 దగ్గర సర్దుకోవాల్సిందే. ఆ చిప్ మీద పైస్థాయి గమకాలు ఎందుకు గరుకుగా వినిపిస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ సంఖ్యకు 11 బిట్లు కావాలి. చిప్‌లో ఒక్కో అర 8 బిట్లదే. అందుకని సంఖ్యను రెండు అరల్లో పెట్టారు. కింది 8 బిట్లు ఒకదాంట్లో, మిగతా మూడూ రెండోదాంట్లో. కింది అర మార్చినంతసేపూ తరంగం సాఫీగా సాగుతుంది. పై అర ముట్టుకుంటే మాత్రం తరంగం ఎక్కడున్నా సరే, ఠక్కున మొదటికొచ్చేస్తుంది. ఆ కుదుపే టిక్కు. పై అర ఎప్పుడు మారుతుంది? 255 నుంచి 256కు దాటినప్పుడు. కంపనాల్లో చెప్పాలంటే 437కూ 435కూ మధ్య.

నా వరుస ఒకటి శ్రుతిలో ఉంది. షడ్జమం 261.6. చతుశ్రుతి ధైవతాన్ని కీబోర్డు లెక్కలో తీసుకుంటే 440. తంబురాకు కలిపి, షడ్జమానికి మూడింట ఐదు వంతులుగా పాడితే 436. అంటే మోహనంలో ధైవతం సరిగ్గా ఆ గోడ మీదే కూర్చుని ఉంది. ఎటు ఊపినా దాటక తప్పదు.

ఇది తెలిసిన రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. ఆ చిప్ చేసిన వాళ్ళకు పాశ్చాత్య స్వరం చాలు. అది నిలబడి ఉంటుంది, నిలబడ్డ స్వరానికి గోడ అడ్డు కాదు. మన స్వరం నిలబడదు. మందు మాత్రం చిన్నదే. శ్రుతి ఒకటిన్నరకు పెంచాం. ధైవతం 462కు పోయింది, మరీ లోతుగా ఊపకపోతే గోడ తగలదు. మేనల్లుడు ఇంకో దారి కూడా పట్టుకొచ్చాడు. స్వరాన్ని జార్చడానికి చిప్‌లోనే వేరే యంత్రాంగం ఒకటుంది. దాన్ని ఒక్క క్షణం నడిపి సంఖ్యను గోడ దాటిస్తే తరంగం మొదటికి రాదు. ఇప్పటికీ ఆ పెట్టెకు పాటలు కట్టే ఔత్సాహికుల్లో ఈ ఉపాయానికి మంచి పేరుంది.

రెండే పల్స్ గొంతులున్నప్పుడు మూడు స్వరాలను ఒకేసారి ఎలా పలికించాలి? దీనికి జవాబు యూరప్‌లో కమడోర్ 64 మీద పాటలు కట్టిన కుర్రాళ్ళ చేతుల్లో బాగా పండింది. 1982లో వచ్చిన ఆ కంప్యూటర్లో బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ చిప్‌కు మూడే గొంతులు. మూడు స్వరాలను ఒకే గొంతుతో ఒకదాని వెంట ఒకటి, సెకనుకు 50 సార్లు మార్చుతూ పలికించారు. చెవి వాటిని విడదీయలేక ఒకే గుత్తిగా కలిపేసుకుంటుంది. సినిమా తెర మీద విడివిడి బొమ్మలను కన్ను ఎలా కలుపుకుంటుందో అలాగే. పూర్తిగా కలపలేక కాస్త బుడబుడమంటుంది కూడా. ఇవాళ ఎన్ని వందల గొంతులైనా వాడుకోగల స్వరకర్త 'పాత గేము' వాసన కావాలనుకుంటే కోరి తెచ్చుకునేది ఆ బుడబుడనే. రాగం పాతదైతే సంగీతం పాతదైపోదు. పాతదనం లేమిలోంచి వస్తుంది. ఆ లేమిని మళ్ళీ నెత్తినేసుకోకుండా పైపైన బీప్ శబ్దాలు అద్దితే అది వేషమే. 2014లో వచ్చిన 'షవల్ నైట్' ఆటకు జేక్ కాఫ్‌మన్ అలా వేషం వెయ్యలేదు. ఫామికామ్ చిప్‌కు తోడు జపాన్‌లో కొన్ని ఆటలకే దక్కిన కొనామీ వారి అదనపు చిప్, వీఆర్‌సీ6, గొంతులు మాత్రం తీసుకుని ఆ హద్దుల్లోనే కట్టాడు. 1987 నాటి 'మెగా మ్యాన్'కు సంగీతమిచ్చిన మనామి మత్సుమాయే చేత రెండు వరుసలు కట్టించారు అందులో.

ఇలాంటి పాటలు ఇప్పుడు రాసేది ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో. 1987లో కార్స్టన్ ఒబార్స్కీ అమీగా కంప్యూటర్‌కు రాసిన సౌండ్‌ట్రాకర్ దీనికి మూలపురుషుడు. తెర మీద నిలువు వరుసలుంటాయి, ఒక్కో గొంతుకు ఒక్కోటి. కాలం పైనుంచి కిందికి జారుతుంది. జమాఖర్చు పుస్తకంలా కనిపిస్తుంది గాని, స్వరలిపి రాసిన నోటుబుక్కు అలవాటున్నవాళ్ళకు గంటలో పట్టుబడుతుంది.

ఆట సంగీతానికి ఇంకో ఇబ్బందీ ఉంది. ఆడేవాడు ఎప్పుడు గెలుస్తాడో, ఎప్పుడు పడతాడో స్వరకర్తకు తెలియదు. వరుస తిరుగుతూనే ఉండాలి. నేను అలవాటుకొద్దీ చివర ముక్తాయింపు పెట్టాను. ముప్పయ్యోసారి తిరిగేసరికి అది కచేరీ అయిపోయిందని ముప్పయ్యిసార్లు చెప్పినట్టయింది. తీసేశాం. చివరి ఆవర్తనం ఎడుపులోకి జారిపోయేలా తిరగరాశాను. కాలం పెంచే విషయంలో మాత్రం ఆటలు మనవాళ్ళకు కొత్తగా నేర్పేదేమీ లేదు. 1978 నాటి 'స్పేస్ ఇన్వేడర్స్'లో దిగే నాలుగు స్వరాలే మొత్తం సంగీతం. శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, గుండె కూడా దాంతోపాటే కొట్టుకుంటుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు తగువు ఆ తర్వాత మొదలైంది. "1990 కోయంబత్తూరు పిల్లవాడు ఈ శబ్దం ఎక్కడ విన్నాడురా?" అన్నాను. జపాన్ పెట్టె ఎవరింట్లో ఉంది అప్పుడు? తొంభైల్లో మన ఇళ్ళకొచ్చినవి దాని నకళ్ళు, '9999 ఆటలు' అని అట్ట మీద రాసిన క్యాసెట్లతో. అవి మన పాల్ (PAL) పద్ధతి టీవీలకు సరిపడా సెకనుకు 50 బొమ్మలు వేసేవి. జపాన్‌లో 60. సంగీతం బొమ్మల లెక్కనే నడుస్తుంది గనక అక్కడ నిమిషం పట్టే వరుస ఇక్కడ 72 సెకన్లు పట్టేది. మనం చిన్నప్పుడు ప్రేమించిన మారియో పాట అసలు దానికన్నా నిదానం. ఇవాళ అసలైనది వింటే 'ఏమిటింత తొందర' అనిపిస్తుంది చాలామందికి. మేనల్లుడి ఆట కూడా చివరికి ఆ నిదానానికే కుదిరింది.

మరి ఆ పిల్లవాడి చెవుల్లో ఉన్నదేమిటి? రేడియో. ఈ ఊళ్ళో రేడియో అంటే జి.డి. నాయుడు గారు గుర్తుకు రావాలి. 1893లో కలంగల్‌లో పుట్టిన తెలుగింటి మనిషి. ఐదు వాల్వుల రేడియో 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించారు. పక్షిరాజా స్టూడియోస్ శ్రీరాములు నాయుడు గారిదీ ఈ ఊరే. ఆయన 1954లో తీసిన 'మలైక్కళ్ళన్' కథే తెలుగులో ఎన్టీ రామారావు, భానుమతిలతో 'అగ్గిరాముడు' అయింది, మరుసటి ఏడు హిందీలో 'ఆజాద్' అయింది. గేములవాళ్ళు ఒక ఆటను ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మార్చడాన్ని పోర్ట్ అంటారు. ఆ పని మా ఊళ్ళో ముందే జరిగింది.

మీడియం వేవ్ రేడియోలో ఒక్కో స్టేషనుకు దక్కే చోటు 9 కిలోహెర్ట్జ్. అందులో సగమే, అంటే నాలుగున్నర వేల కంపనాల వరకే శబ్దం నిలుస్తుంది. తాళాల తళుకు, 'స'కారపు ఈల, అన్నీ అంతకు పైనుండేవే. అవి పోతాయి. మిగిలేది మనిషి గొంతు. మా నైన రేడియో నుంచి ఎక్కించుకున్న క్యాసెట్ ఒకటి దొరికితే దాని శబ్దాన్ని తెర మీద గీసి చూశాం. నాలుగున్నర వేల దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది, ఆపైన క్యాసెట్టు బుస తప్ప ఏమీ లేదు. క్యాసెట్లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. మోటారు ఏ కాస్త తడబడినా శ్రుతి ఊగుతుంది. కోత, ఊగు, బుస, ఈ మూడూ కలిస్తే చాలు, ఏ కొత్త పాటైనా 1990కి పోతుంది.

ఇదే దారిలో నడిచిన ఆట ఒకటి ఉంది. కెనడాలో తమిళుల చేతుల్లో తయారై 2023 జులైలో వచ్చిన 'వెన్‌బా'. 1988లో టొరాంటోకు చేరిన తమిళ దంపతుల వంటింటి కథ. వంట మొదలైతే రేడియో పాడుతుంది. కాలం మారేకొద్దీ పాటల తీరూ మారుతుంది, ఎనభైల సినిమా బాణీ నుంచి తర్వాతి దశాబ్దాల బాణీకి. అవి పాత పాటలు కావు, ఆయా కాలాల పోకడలో ఆల్ఫా సమ్‌థింగ్ అనే స్వరకర్త కొత్తగా కట్టినవి. 2024లో దానికి బాఫ్టా వారు తొలి ప్రయత్నాలకిచ్చే 'డెబ్యూ గేమ్' బహుమతి దక్కింది. మనకు ఇందులో చిన్న వాటా ఉందని నా లెక్క. ఎనభైల తమిళ రేడియో గొంతుల్లో బాలసుబ్రహ్మణ్యం, సుశీల, జానకి ముగ్గురూ తెలుగువాళ్ళే.

నేను రేడియో అంటాను, వాడు చిప్ అంటాడు. తగువు తీర్చింది జాన్ చౌనింగ్. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన కంప్యూటర్‌తో ఒక స్వరాన్ని ఊపుతూ, ఆ ఊపు వేగం పెంచుకుంటూ పోయాడు. సెకనుకు ఐదారు ఊపులున్నంతవరకు అది మనకు గమకమే. ఇరవై దాటాక ఊపు వినిపించడం మానేసింది. స్వరం రంగే మారిపోయింది, గంటలా, ఇత్తడిలా, కొయ్యలా. అంటే చెవి పట్టలేనంత వేగంగా ఊగిన గమకమే కొత్త వాద్యమవుతుంది. మన శాస్త్రకారులెవరైనా వింటే ఎగిరి గంతేసేవారు. ఎఫ్ఎం సింథసిస్ అనే ఆ పద్ధతిని యమహా తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డు చేసింది. ఒక్కో స్వరానికి ఆరు తరంగాలు ఒకదాన్నొకటి ఊపుకుంటాయి అందులో. ఎనభైల సినిమా పాటల్లో మెరిసే గాజు పియానో, చన్నీటి గంటలు ఆ కుటుంబానివే. ఇళయరాజా కంప్యూటర్ సీక్వెన్సర్ వాడిన చిత్రంగా పేరుపడ్డ 'పున్నగై మన్నన్', మన 'డాన్స్ మాస్టర్', 1986 నాటిది. రెండేళ్ళకు సెగా వారి మెగా డ్రైవ్ ఆటపెట్టె వచ్చింది. దాని గొంతు యమహా వైఎం2612. అదే ఎఫ్ఎం, ఆరు తరంగాల చోట నాలుగు, అంతే. ఆటపెట్టెకూ సినిమా పాటకూ తాత ఒకడే.

అలా మా ఆటలో మూడో ఘట్టం, సాయంత్రం సైకిల్ మీద ఇంటికొచ్చేది, ఆ ఎఫ్ఎం గొంతుల్లో కట్టాం. ఆపైన నైన క్యాసెట్టు కొలతల ప్రకారం పై అంతస్తులు కోసి, బుస కలిపాం. మా అక్క వంటింట్లోంచే వింది. "ఏ పాటరా అది, ఎప్పుడో విన్నట్టుండాది," అంది. ఆమె విననే లేదు, ఆ వరుస పుట్టి నాలుగు రోజులే అయింది. మొదటి ఘట్టంలో మాత్రం ఒకచోట టిక్కు మిగిలిపోయింది. తీసేద్దామంటే మేనల్లుడు ఒప్పుకోలేదు.

మా తెలుగు ఇంట్లో మాట్లాడుకునేది. వాడు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. ఈ వ్యాసమూ నేనే చదివి వినిపించాలి. మా నైన గొంతు, అవ్వ గొంతు, ఆ తరం తెలుగు మాకు కాగితం మీద దొరకవు. ఆ క్యాసెట్టు రెండో వైపు చివర, రికార్డింగ్ ఆపడం మరిచిపోయినప్పుడు పడ్డ మూడు నిమిషాల ఇంటి మాటల్లోనే ఉన్నాయి.

మీ అటక మీద కూడా అలాంటివి ఉంటే పారేయకండి. సరాసరి ప్లే నొక్కకండి కూడా. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కు నిదానంగా తిప్పండి. టేపును హెడ్‌కు నొక్కి పట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిందేమో చూడండి. హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆరాక, మొదటిసారి వింటున్నప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. కొన్ని టేపులు రెండోసారి పలకవు.